ఒళ్లు దులిపిన పొట్టేలు

ఆగస్టు 6, ఆదివారం. నల్గొండ

ఈరోజు నేను వణికాను. అందరూ చూశారు.

పాస్టరయ్య ఇస్రాయేలు గారు నా నెత్తిన చేయి పెట్టి నూనె పోశారు. పోయడమంటే నిజంగానే పోశారు, ఆయనకు ఏదీ కొంచెంగా చేయడం రాదు. చల్లటి నూనె మెడ మీద నుంచి వీపులోకి జారింది. "ఈ బిడ్డను నీకు అప్పగిస్తున్నాము ప్రభువా" అన్నారు. ఆ 'అప్పగిస్తున్నాము' దగ్గర నా ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది, భుజాల నుంచి కాళ్ల దాకా. వెనకనుంచి ఆడవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆత్మ దిగిందని ఒకామె ఏడ్చింది కూడా.

వాళ్లెవరూ గొర్లకాపరి ఇంట్లో పుట్టలేదు. అందుకే ఏడవగలిగారు.

మా మందలో ఎప్పుడూ ఒక పొట్టేలు మా కులదేవుడు బీరప్పది. పిల్లగా ఉన్నప్పుడే బాపు దాన్ని దేవునికి ఇడుస్తాడు. దాన్ని ఎవరూ కొట్టరు, అమ్మరు. ఎవరి చేలో పడ్డా ఎవరూ ఏమీ అనరు. మక్కజొన్న గింజలు ముందు దానికే. జాతర నాడు గుడి ముందు నిలబెట్టి పసుపు నీళ్లు పోసి, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అది ఒళ్లు దులపాలి. దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఏం తప్పు జరిగిందోనని చెంపలు వేసుకుని మళ్లీ పోస్తారు. దులిపాక ఇక ఆలస్యం చేయరు.

ప్రార్థన అయ్యాక నాగరాణక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కోస్గి దిక్కు ఊళ్లు తిరుగుతూ మంచాన పడ్డవాళ్ల పుండ్లు కడిగి, కట్టు కట్టి, వింటామన్న వాళ్లకు ప్రభువు సంగతి చెప్పి వస్తుంది. ఇప్పుడామెకు మోకాళ్లు పోయాయి. తోడుగా ఒక నర్సు కావాలని పోయిన నెల మా సంఘంలో నిలబడి అడిగింది. లేచింది నేను ఒక్కదాన్నే.

"ఎప్పుడొస్తవు బిడ్డా?" అంది.

"వస్తనక్కా" అన్నాను. ఎప్పుడో చెప్పలేదు.

రూముకొచ్చి మల్లికకు చెప్పాను. మల్లిక నాలాగే మా దవాఖానలోనే నర్సు. ఏ దేవుడితోనూ తగాదా లేదు దానికి, ఎవరి ప్రసాదమైనా తింటుంది. "నెత్తిమీద గంత సల్లటి నూనె, పైన ఫ్యాను. నాకు పోసినా వణుకుత. దీనికి దేవుడెందుకే?" అని షాంపూ ప్యాకెట్ చేతిలో పెట్టింది. నవ్వాను. తలంటుకున్నా ఆ వాసన పూర్తిగా పోలేదు.

ఆగస్టు 7

నాకేం భయం లేదు.

ఆగస్టు 8

ఉన్నా అది వేరే సంగతి.

ఆగస్టు 13, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. బాపు మందను తోలుకుని పోయాకే చేస్తుంది ఎప్పుడూ.

"నూనె పోసిండ్రా?"

పోశారన్నాను. ఏడ్చింది. సంతోషంతోనే అనుకుంటాను.

జులైలో ఇంటికి పోయినప్పుడు చెప్పింది ఆ మాట, చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటూ, మిక్సీ పాడైందని చెప్పినంత మామూలుగా. నాకు ఐదేళ్లప్పుడు మెదడుకు జ్వరమెక్కింది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్లు చేతులెత్తేశారు. పక్క మంచంలో ఎవరినో చూడటానికి వచ్చిన నాగరాణక్క నా కోసం కూడా మోకరించి పోయింది. ఆమె పోయాక అమ్మ తనంతట తాను ఆ ప్రభువుతో ఒక మాట అంది. "నా బిడ్డను బతికియ్యి. బతికిస్తే పిల్ల నీదే." తెల్లారి నేను కళ్లు తెరిచి నీళ్లడిగాను.

అప్పటినుంచి అమ్మ విశ్వాసి. బాపుకు తెలియదు. అంగడికి పోతున్నానని చెప్పి నన్ను చంకనేసుకుని నాగరాణక్క ప్రార్థనకు పోయేది. నాకు పాటలొచ్చింది అక్కడే. ఆ మొక్కు సంగతి మాత్రం నాకూ చెప్పలేదు, మొన్నటిదాకా.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"దేవుడే పిలుస్తడనుకున్న. ఇగ ఆలిశెమైతాందని చెప్పిన."

ఆ తర్వాతి వారమే నాగరాణక్క మా సంఘానికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. దేవుడు పిలిచాడు కాబట్టి లేచాను. అమ్మ చెప్పింది కాబట్టి కాదు.

కాదు.

ఆగస్టు 22

నాగరాణక్కను కోస్గి బయట కల్వర్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆపారట. బండికి అడ్డం నిలబడి "ఎవలు పంపుతుండ్రు నిన్ను? ఎంతిస్తుండ్రు?" అని గద్దించారట. సంచి గుంజుకుని గాజుగుడ్డ, మందులు బురదలో పోశారట. కరపత్రాలు చింపారట. ఇంకోసారి కనబడితే బండి ఉండదన్నారట.

అక్క ఇదంతా ఫోన్లో నవ్వుతూ చెప్పింది. "అండ్ల ఒకనికి మోకాలికాడ పుండుండె బిడ్డా. కూసో కట్టు కడ్త అన్న. ఉరికిండు."

నేనూ నవ్వాను.

ఎవరు పంపుతున్నారు అని నన్నడిగితే ఏం చెప్పాలి? దేవుడు అనాలి. అంటే అక్కడే కొడతారు. అసలు అది నిజమేనా అని నా లోపల ఇంకొకరు అడుగుతారు. ఆ రెండోదానికే ఎక్కువ భయం.

దసరా అయ్యాక వస్తానని పాస్టరయ్యకు చెప్పాను. దవాఖానలో నర్సులు తక్కువున్నారు, ఇప్పుడే మానేస్తే బాగుండదన్నాను. అది నిజమే.

సెప్టెంబరు 2

అమ్మ కాలికి తుమ్మముల్లు దిగిందట, ఎప్పుడో. నాకు చెప్పలేదు. ఈరోజు మాటల్లో జారింది. పక్కింటి పిల్లతో ఫోటో తీయించి పంపించమన్నాను.

చూశాను. బొటనవేలు, పక్క వేలు. అంచులు నల్లగా. ఇలాంటి కాళ్లు మా వార్డులో రోజూ చూస్తాను. ఏమిటో తెలుసు, ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. వెంటనే మహబూబ్‌నగర్ పొమ్మన్నాను, షుగరు పరీక్ష చేయించమన్నాను.

"షుగర్ లేదు ఏం లేదు" అంది అమ్మ. "నువ్వు కోస్గి పోయిననాడు గదే మానుతది."

సెప్టెంబరు 3

షుగరే. షుగరే. షుగరే.

సెప్టెంబరు 9, శనివారం. ఊరు

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో ఈ ఏటి బీరప్ప పొట్టేలు నిలబడి మక్కలు తింటోంది. నన్ను చూసి తలెత్తింది. నేను చూపు తిప్పుకున్నాను.

అమ్మ కాలికి పసుపు, వేపాకు నూరి గుడ్డ చుట్టుకుంది. విప్పగానే వాసన. మిషన్‌తో చూశాను, షుగరు ఎంత ఉందో చెప్పడానికి అంకె కూడా రాలేదు, 'ఎక్కువ' అని మాత్రం వచ్చింది. కడిగాను. అమ్మకు నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే చెడ్డదని నాకు తెలుసు, అమ్మకు తెలియదు. "సూసినవా, నొప్పన్న లేదు" అంది గొప్పగా.

బతిమాలాను. తిట్టాను. కాలు పోతుందమ్మా, పానం పోతుందన్నాను.

"మొక్కి ఇయ్యకుంటే ఊకుంటడానే దేవుడు? బీరప్ప ఊకుంటడా, ఎల్లమ్మ ఊకుంటదా? గాళ్ల కంటె పెద్దోడు గద మనోడు. ముల్లు గుచ్చింది గాయినే. ముందు నువ్వు పో. నువ్వు పోయినంక నేను దవాఖానకు రాకుంటె అడుగు."

"దేవుడు అట్లాంటోడు కాదమ్మా" అన్నాను.

"మరెట్లాంటోడు?"

ఆదివారం బడిలో ఇన్నేళ్లు పిల్లలకు చెప్పాను. అమ్మ అడిగితే ఒక్క మాట రాలేదు. ఎందుకంటే ఆ ఫోటో చూసిన రోజు నేనూ అదే అనుకున్నాను. దసరా దాకా అని వాయిదా వేశాను కదా, అందుకే అని.

సాయంత్రం బాపు మందతో వచ్చాడు. కాలు చూసి "ముల్లుగుచ్చుకుంటె గింతనా?" అన్నాడు. పట్నం దవాఖానకు తోలుకపోతానంటే అమ్మ విననే లేదు. బాపుకు అసలు కారణం తెలియదు. ఆయనకు తెలిసిందల్లా అమ్మ మొండిది అని. "నీ తల్లి మాటినదు బిడ్డా. నా తల్లిగారింటి పొట్టేలును తోడేలుకు ఏసినవని ఇరవై ఏండ్లసంది తిట్టుడు మాత్రం ఆపదు" అన్నాడు నవ్వి.

"ఎయ్యలేదా మరి?" అంది అమ్మ మంచం మీదినుంచి. "విత్తనపు పొట్టేలు. మా నాయిన పెండ్లికిచ్చిండు. కృష్ణ నది దిక్కు తోలుకపోయి తోడేలు నోట్లె పెట్టొచ్చిండు."

రోజూ జరిగే గొడవే. ఈరోజు మాత్రం వినబుద్ధి కాలేదు.

బాపుకు చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పలేను. మా దిక్కు ఆడపిల్లను దేవునికి ఇచ్చారంటే ఒక్కటే అర్థం. పక్క ఊరి భద్రమ్మను చిన్నప్పుడు అట్లాగే ఇడిచారు, దేవుడి పేరు చెప్పి ఊరంతా వాడుకున్నారు. ఇప్పుడామె జాతరల్లో చేయి చాస్తుంది. ఆమె మా వాకిట్లోకి వస్తే బాపు ఆమె ముఖం చూడలేడు, తల వంచుకుని జొన్నలు పోస్తాడు. ఆమె పోయాక ప్రతిసారీ అదే మాట. "ఆడిపిల్లను దేవునికిచ్చినోని చేతులిరగ."

ఆ చేతులు మా అమ్మవి అని ఎట్లా చెప్పను?

సెప్టెంబరు 10

అమ్మతో ఒప్పందం చేసుకున్నాను. ఒకటో తారీఖు నేను కోస్గి పోతాను, రెండో తారీఖు తను దవాఖానకు రావాలి.

"ఒకటో తారీఖు పో, చూద్దాం" అంది.

కట్టు మార్చి, మాత్రలు పెట్టి, బస్సెక్కాను. అట్లాంటి కాలు వార్డులోకి వస్తే డాక్టరుకు ఫోన్ చేయకుండా ఒక్క గంట ఆలస్యం చేసినా నన్ను ఉద్యోగంలోంచి తీసేయాలి. నేను మూడు వారాలు గడువిచ్చి వచ్చాను.

సెప్టెంబరు 14

పాస్టరయ్యను అడిగాను. మొక్కు తీర్చకపోతే దేవుడు పట్టుకుంటాడా అని. ఎవరి గురించో చెప్పలేదు. ఆయన చర్చి పైకప్పు రేకుల కోసం మేస్త్రీతో మాట్లాడుతున్నారు. "మొక్కుబడి అంటే ఆటలు కాదమ్మా. మాటిచ్చినోళ్లు నిలబెట్టుకోవాలి" అన్నారు. మంచి మనిషి. తొందరలో ఉన్నారు. ఆ మాట నా గుండెలో ఎక్కడ పడిందో ఆయనకు తెలియదు.

మల్లికకు మొత్తం చెప్పేశాను. అది అంతా వింది. తర్వాత అంది, "నాకు మీ దేవుడి సంగతి ఎరుక లేదు. గని ఒకల కాలు కుళ్లబెట్టి ఇంకొకల్ని పిలిచేటోడైతే, నువ్వు ఊర్లు తిరిగి ఏమని చెప్తవే ఆయన గురించి? అందరి కాళ్లు కుళ్లుతయని చెప్తవా?"

కోపమొచ్చింది. దానితో మాట్లాడటం మానేశాను.

సెప్టెంబరు 15

పసుపు నీళ్లు. కళ్లు మూస్తే అదే. పోసేది ఎవరో కనబడటం లేదు.

సెప్టెంబరు 16

మల్లిక అన్నం కలిపి పెట్టింది. తిన్నాను. మాట్లాడలేదు. రెండు ముద్దలయ్యాక మాట్లాడాను.

సెప్టెంబరు 18. మహబూబ్‌నగర్

నిన్న పొద్దున బాపు ఫోన్. "మీ అమ్మకు జరం. మంచం దిగవోయి పడ్డది. కాలు నల్లగైంది. 108లో తోలుకపోతున్న." నేను వచ్చేసరికి వార్డులో పడుకోబెట్టారు. నాకు ఐదేళ్లప్పుడు పడుకోబెట్టిన దవాఖానే.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. వేళ్లు ఈరోజే తీసేయాలి, ఆలస్యమైతే మోకాలి కింది దాకా, ఇంకా ఆలస్యమైతే చెప్పలేను అంది. నేను నర్సునని తెలిశాక ఒక చూపు చూసింది. ఆ చూపు ఇంకా కళ్లముందే ఉంది.

అమ్మ ఒప్పుకోలేదు. జ్వరంతో మండిపోతూ, కాగితం మీద వేలుముద్ర వేయమంటే చేయి వెనక్కి లాక్కుంది. "కోస్తె ఏమొస్తది? ఇయ్యాల్సింది ఇయ్యకుంటె మళ్ల ఇంకోటి పట్టుకుంటడు. నా పిల్లను నేను ఇస్త అన్న, ఇయ్యలే." వార్డంతా విన్నది. బాపు విన్నాడు.

"పిల్లను ఇచ్చుడేంది?" అన్నాడు బాపు.

ఆయన్ని వరండాలోకి తీసుకుపోయి చెప్పాను. మొక్కు, నాగరాణక్క, అంగడి పేరు చెప్పి పోయిన ప్రార్థనలు, నూనె, వణుకు, అన్నీ. ఆయన ముఖం వైపు చూడకుండా, గోడమీద ఉమ్మవద్దని రాసిన బోర్డు చూస్తూ చెప్పాను. కొడతాడనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు, అయినా అనుకున్నాను.

బాపు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అడిగాడు. "నీకు మెదడు జరమొచ్చిన యాడాదేనా?"

"అవును బాపు."

"గప్పుడు నేనేడున్న?"

"మంద తోలుకొని కృష్ణ దిక్కు పోయినవ్. అమ్మ ఎప్పుడూ అంటది, బిడ్డ సావుబతుకుల్లో ఉంటె రాలేదని."

"వచ్చిన" అన్నాడు.

కబురందగానే మందను తోటి కాపరికి ఒప్పజెప్పి, మందలోకెల్లా మంచి పొట్టేలును భుజానేసుకుని లారీ ఎక్కాడట. దవాఖానకు కాదు, నేరుగా బీరప్ప గుడికి. దేవుడి పొట్టేలు అప్పటికింకా పిల్ల. అందుకని విత్తనపు పొట్టేలును పట్టుకొచ్చాడు, అమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చినదాన్ని.

"నా బిడ్డ పానం బదులు గీ పానం తీస్కో అన్న. నీళ్లు పోసిన. అది దులుపలే. మళ్ల పోసిన. ఒక్కన్నే ఉన్న గుడికాడ. ఏడ్చిన బిడ్డా. గప్పుడు దులిపింది." ఒళ్లోని తలపాగాతో ముఖం తుడుచుకున్నాడు. "మీ అమ్మకు తోడేలని చెప్పిన. తల్లిగారిచ్చింది కోసిన అంటె ఊకుంటదా?"

ఇరవై ఏళ్లు తిట్లు తిన్నాడు ఆ తోడేలు కోసం.

లేచి తలపాగా చుట్టుకుని లోపలికి నడిచాడు. నేను వెనకాల. అమ్మ మంచం పక్కన నిలబడి, గొంతు తగ్గించకుండా చెప్పాడు. "సావిత్రీ, పిల్ల ఎవ్వలకు బాకీ లేదు. నేను గప్పుడే చెల్లించిన. పానం బదులు పానం పోయింది. నీ తల్లిగారింటి పొట్టేలు."

అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "తోడేలు గాదా?"

"గాదు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో అర్థం కాలేదు. మళ్లీ మొండితనం వచ్చేసింది. "నువ్వు నీ దేవునికిచ్చినవు. నేను మొక్కింది నా దేవునికి. గాయన లెక్క గాయనదే."

బాపు నా వైపు తిరిగాడు. "నాకు మీ దేవుడు ఎరుక లేదు. నీకెరుక గద. చెప్పు మరి."

డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు. ఎన్నిసార్లు పాడానో ఆ పాటలు, ఎన్నిసార్లు పిల్లలకు చెప్పానో, కొండమీద కొడుకును నరకబోయిన తండ్రి చేయి దేవుడు ఆపి, పొదలో చిక్కిన పొట్టేలును చూపించిన కథ. పిల్లలకు ఆ పొట్టేలు బొమ్మ గీసి రంగులు కూడా వేయించాను. అది నా గురించి అని ఒక్కనాడూ అనుకోలేదు.

"అమ్మా" అన్నాను. "మన దేవుడు ఒకల పానం అడగడు. గొర్రెపిల్ల అని ఆయన్నే అంటరు గద. ఆయనే పోయిండు. మన బదులు. మనం పుట్టకముందే. ఇగ నా దగ్గర తీసుకునేది ఏమున్నది?"

అంతే. అంతకంటే రాలేదు. అమ్మ చేయి పట్టుకున్నాను.

"మరి గీ పుండు?"

"షుగరమ్మా. ముల్లు, షుగరు, నా తప్పు. దేవుడు గాదు."

అమ్మ నన్ను చూసింది, బాపును చూసింది. "నాలుగు మక్కలు పెట్టి పెంచిన దాన్ని" అంది, ఆ పొట్టేలు గురించే. తర్వాత వేలు ముందుకు చాపింది. సిరా నేనే పూశాను.

లోపలికి తీసుకుపోయాక బాపు పక్కన కూర్చున్నాను. "గట్లనా మీ దేవుడు?" అన్నాడు.

"గట్లనే."

"మరి తల్లిబిడ్డలు గిన్నొద్దులు ఎందుకు భయంతోని బుగులు పడ్డరే?"

సెప్టెంబరు 19

మూడు వేళ్లు తీసేశారు. కాలు ఉంది. అమ్మ ఉంది.

అక్టోబరు 1, ఆదివారం

ఒకటో తారీఖు. నేను కోస్గి పోలేదు. ఏమీ కాలేదు.

అక్టోబరు 8

సెలవు పొడిగించి ఊళ్లోనే ఉన్నాను. రోజూ అమ్మ కాలికి కట్టు మారుస్తున్నాను. అమ్మ బాపుకు ఇప్పుడు కొత్త తిట్టు కనిపెట్టింది, "తోడేలోడా" అని. బాపు ఆ పిలుపుకు పలుకుతున్నాడు కూడా.

నాగరాణక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, రానేమో అని కూడా చెప్పాను. "రాకున్న ఏం గాదు బిడ్డా" అంది. "నేను అడిగింది నర్సును, మొక్కును గాదు." పాస్టరయ్య కూడా ఫోన్ చేశారు. ఆరోజు తొందరలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకమ్మా అన్నారు.

ఇక నన్నెవరూ పిలవడం లేదు. హాయిగా ఉంది.

అక్టోబరు 12

హాయిగా లేదు.

అక్టోబరు 19

బతుకమ్మ పాటలు ఒక దిక్కు, ఎలక్షన్ ఆటోల పాటలు ఒక దిక్కు. అమ్మకు కట్టు కడుతుంటే వెనక వీధి ముసలాయన గాలయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. "నాది గూడ జర సూడు బిడ్డా" అని పంచె పైకెత్తాడు. పిక్క మీద పుండు, దాని మీద గుడ్డ అతుక్కుపోయింది. నీళ్లతో నానబెట్టి మెల్లగా తీస్తుంటే ఆయన అడిగాడు, మీ అమ్మ బతికిన కథ ఏంది, తోడేలు కథ ఏంది అని. ఊరంతా పాకింది కదా. చెప్పాను. పొట్టేలు దాకా చెప్పి ఆగాను. "తర్వాత?" అన్నాడు. మిగతాది కూడా చెప్పాను.

ఆయన మతం మారలేదు, నేను మారమని అనలేదు. కట్టు చూసుకుని "సల్లగుంది" అన్నాడు. అంతే. కానీ ఆయన పోయాక నాకు తెలిసింది, ఇన్నాళ్లు నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో. ఎవరూ గుంజకుండానే పోవాలని ఉంది. ఇది తెలిసేసరికి మళ్లీ భయమేసింది, కల్వర్టు గుర్తొచ్చి.

అక్టోబరు 29

బాపుకు చెప్పాను. కోస్గి పోయి నాగరాణక్కతో పనిచేస్తానన్నాను.

అన్నం ముందునుంచి లేచిపోయాడు.

అక్టోబరు 30

బాపు మాట్లాడటం లేదు.

నవంబరు 2

మాట్లాడటం లేదు. పొట్టేలుతో మాట్లాడుతున్నాడు, నాకు వినబడేలా. "పానం బదులు పానం ఇస్తి. మళ్ల తానే పోతా అంటది. ఏం జెయ్యాలె?" పొట్టేలు మక్కలు నములుతోంది.

నవంబరు 5

వాకిట్లో ఆయన పక్కన కూర్చుని చెప్పాను. "బాపు, నేను భద్రమ్మను గాను. నన్నెవ్వరూ ఇస్తలేరు. నర్సుగా పోతున్న. బుగులు గూడ అయితాంది."

"బుగులైతె ఎందుకు పోవుడు?"

"పోవాలనుంది."

నల్గొండ నుంచి నా పెట్టె ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాడు.

నవంబరు 13. కోస్గి

మల్లిక పెట్టె సర్ది బస్సుకు వేసింది. లోపల ఒక షాంపూ ప్యాకెట్ పెట్టింది, చీటీ ఏమీ లేదు, అక్కర్లేదు.

బాపు తన ఎక్సెల్ బండి మీద తీసుకొచ్చాడు. కల్వర్టు దాటేటప్పుడు ఆయన నడుము గట్టిగా పట్టుకున్నాను. నాగరాణక్క ఇంటి ముందు దింపి, పెట్టె దించి, లోపలికి రాకుండా అరుగు దగ్గరే నిలబడ్డాడు. అక్క "రా అన్నా, ఛాయ్ తాగు" అంది.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు. "పిల్లను నేను ఇస్తలేను. పంపుతున్న. నెలకోపారి వచ్చి తోలుకపోత, మళ్ల తెస్త. ఇచ్చుడు వేరు, పంపుడు వేరు."

"ఎరుకే అన్నా" అంది అక్క.

అప్పుడు లోపలికొచ్చి ఛాయ్ తాగాడు. పోయేటప్పుడు నన్ను చూడలేదు. బండి మలుపు తిరిగాక కూడా చప్పుడు చాలాసేపు వినబడింది.

నవంబరు 15

ఈరోజు మొదటి ఊరు. కల్వర్టు దగ్గర ఆ ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఒకడు బండికి అడ్డం వచ్చాడు. నా సంచి వైపు చూశాడు. నాగరాణక్క నోరు తెరిచేలోపు నన్నే అడిగాడు.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

ఆగస్టు నుంచి ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. "మా బాపు" అన్నాను.

"మీ బాపెవలు?"

"గొర్ల గుర్వయ్య. బీరప్ప గుడికాడ."

వాడు వెనకవాడి వైపు చూశాడు. "మన చేన్ల ఎరువుకు మంద పెడ్తడు సూడు, గాయినెనా?" అన్నాడు వెనకవాడు. తర్వాత ఏం అనాలో వాళ్లకు తోచలేదు. దారి పూర్తిగా ఇవ్వలేదు, పక్కనుంచి పోయేంత ఇచ్చారు. రేపు మళ్లీ ఉంటారు. రేపు ఏమంటారో తెలియదు.

ఊళ్లో మంచాన పడ్డ ముసలమ్మ నడుముకు పుండు. మోకరించి కడుగుతుంటే అప్పుడు వచ్చింది వణుకు, దారిలో ఆపుకున్నదంతా. భుజాల నుంచి కాళ్ల దాకా. చేతిలో గిన్నె గలగలలాడింది. ముసలమ్మ తల తిప్పి చూసి, "సలి పెడ్తుందా బిడ్డా?" అని తన దుప్పటి కొస నా మీదికి జరిపింది.

వణికాను. స్తోత్రం అన్నవాళ్లు ఎవరూ లేరు. కట్టు మాత్రం సరిగ్గానే కట్టాను.